హోబీ బేకర్ పురస్కారం దేనికిస్తున్నారో ముందు తేల్చుకోవాలి

2022 ఏప్రిల్‌లో అమెరికా పురుషుల కళాశాల ఐస్ హాకీలో ఒక విచిత్రం జరిగింది. దేశంలోని కళాశాల ఆటగాళ్లందరిలో ఉత్తముడికి ఇచ్చే హోబీ బేకర్ పురస్కారం మిన్నెసోటా స్టేట్ విశ్వవిద్యాలయం గోలీ (గోల్‌కు కాపలా కాసే ఆటగాడు) డ్రైడెన్ మెకేకు దక్కింది. గోలీలలో ఉత్తముడికి ఇచ్చే మైక్ రిక్టర్ పురస్కారం మాత్రం అదే సీజన్‌కు నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం గోలీ డెవన్ లేవీకి దక్కింది. అంటే ఆ ఏడాది ఆటగాళ్లందరిలోకీ గొప్పవాడు ఒక గోలీ, కానీ గోలీలందరిలోకీ గొప్పవాడు మాత్రం అతను కాడు. ఊరందరిలోకీ పొడుగైనవాడు తన సొంత వీధిలో రెండోవాడని చెప్పినట్టుంది.

ముందే ఒక సంగతి చెప్పుకోవాలి. నేను ఎమ్మెస్ చదివింది మాంకేటోలో, అంటే మెకే ఆడిన విశ్వవిద్యాలయంలోనే. మంచుగడ్డ అంటే సోడా బండి మీద గోనెసంచి కప్పుకుని ఉండే దిమ్మ అనుకునే ఊరి నుంచి వెళ్లి, ఊదారంగు చొక్కాల జనం మధ్య కూర్చుని ఈ ఆట నేర్చుకున్నవాణ్ణి. కాబట్టి నా పక్షపాతం మెకే వైపే ఉండాలి, ఆ రోజు ఉంది కూడా. అయినా నాలుగేళ్లుగా ఈ ముడి నాకు విడిపోవడం లేదు.

రెండు పురస్కారాలనూ నిర్ణయించే మండళ్లు వేరు గనుక ఫలితాలు వేరు కావడంలో వింత లేదని కొందరు అంటారు. మండళ్లు వేరైతే కావచ్చు, ఆట ఒకటే కదా. అంకెలు చూద్దాం. ఆ సీజన్‌లో మెకే 38 ఆటలు గెలిచాడు. ఒకే సీజన్‌లో ఇన్ని ఆటలు గెలిచిన కళాశాల గోలీ అంతకుముందు లేడు. ఆటకు సగటున 1.31 గోల్స్ ఇచ్చాడు, తన మీదికి వచ్చిన షాట్లలో నూటికి 93.1 ఆపాడు. లేవీ ఆటకు 1.54 గోల్స్ ఇచ్చాడు, కానీ నూటికి 95.2 ఆపాడు. ఈ రెండు జతల అంకెలను కలిపి లెక్క కడితే అసలు సంగతి బయటపడుతుంది. మెకే మీదికి ఆటకు దాదాపు 19 షాట్లు వచ్చాయి, లేవీ మీదికి దాదాపు 32 వచ్చాయి. మా మాంకేటో జట్టు పక్‌ను, అంటే ఆడే రబ్బరు బిళ్లను, ప్రత్యర్థికి అందనిచ్చేదే కాదు. ప్రత్యర్థి గోలీ చెమటలు కక్కుతుంటే మెకే అవతలి కొసన ఒంటరిగా నిలబడి ఉన్న సాయంత్రాలు నేను కళ్లారా చూశాను. 38 విజయాలు మెకేవి ఎంతో, అతని ముందు నిలిచి ప్రత్యర్థి దాడిని అడ్డుకున్న డిఫెండర్లవీ అంతే. ఓటు వేసినవారు జట్టు విజయాన్ని తూచి ఒక్కడి మెడలో దండ వేశారు. రిక్టర్ మండలి గోలీ పనిని తూచింది. ఆ ఏడాది హోబీ బేకర్ చివరి ముగ్గురి జాబితాలో మెకేతో పాటు డెన్వర్‌కు చెందిన బాబీ బ్రింక్, మిన్నెసోటాకు చెందిన బెన్ మేయర్స్ ఉన్నారు గానీ లేవీ పేరు కనీసం ఆ ముగ్గురిలోనూ లేదు.

మెకే అర్హుడు కాడని నేననడం లేదు. కళాశాల జీవితం మొత్తం మీద ప్రత్యర్థికి ఒక్క గోల్ కూడా ఇవ్వని ఆటలు అతనికి 34 ఉన్నాయి, అది కూడా రికార్డే. కానీ గౌరవించింది ఒక సీజన్‌నా, నాలుగేళ్ల సేవనా, ఒక మనిషి నైపుణ్యాన్నా, ఒక జట్టు పట్టికనా అన్నది ఎవరూ చెప్పరు. నా గొడవంతా అక్కడే ఉంది.

ఈ పురస్కారం 1981లో మొదలైంది, తొలి విజేత మిన్నెసోటాకు చెందిన నీల్ బ్రోటెన్. 2025లో మిషిగన్ స్టేట్‌కు చెందిన ఐజాక్ హవర్డ్ వరకు 45 మంది దీన్ని అందుకున్నారు. వారిలో గోలీలు ముగ్గురే: 1988లో రాబ్ స్టాబర్, 2001లో రయన్ మిల్లర్, 2022లో మెకే. డిఫెండర్లు తొమ్మిది మంది. మిగిలిన 33 మందీ ఫార్వర్డ్‌లే, అంటే దాడి చేసి గోల్స్ కొట్టేవారే. మంచు మీద ఒక జట్టుకు ఆరుగురు ఉంటే అందులో ముగ్గురే ఫార్వర్డ్‌లు, అంటే సగం. పురస్కారంలో వారి వాటా దాదాపు నాలుగింట మూడు వంతులు. ఆ తొమ్మిది మంది డిఫెండర్లలోనూ పేరు మోసినవారు ఎదుటివారిని ఆపినందుకు కాక, తాము గోల్స్ కొట్టినందుకే కంటబడ్డారు. 2019లో గెలిచిన మసాచుసెట్స్ డిఫెండర్ కేల్ మకార్ గోల్స్, అసిస్ట్‌లు (తోటివారి గోల్స్‌కు అందించిన పాస్‌లు) కలిపి 41 ఆటల్లో 49 పాయింట్లు చేశాడు. మకార్ అసాధారణ ఆటగాడు, అందులో వాదన లేదు. కానీ అదే నైపుణ్యంతో 15 పాయింట్లు మాత్రమే చేసి, ప్రత్యర్థుల అగ్రశ్రేణి ఫార్వర్డ్‌లను సీజనంతా మూలకు నెట్టిన డిఫెండర్ ఉంటే అతని పేరు చివరి పదిమంది జాబితాలోకైనా వస్తుందా? రాదని నా నమ్మకం. గోలీలకు 2014 నుంచి రిక్టర్ పురస్కారం విడిగా ఉంది కదా అనే సమాధానం ఒకటి సిద్ధంగా ఉంటుంది. వేరే విస్తరి వేశాం గనుక పెద్ద పంక్తిలో కూర్చోవద్దు అనడం మర్యాద కాదు.

పాయింట్ల మీద ఈ మోజు ఫార్వర్డ్‌లకైనా న్యాయం చేస్తుందా అంటే అదీ లేదు. 2007లో నార్త్ డకోటాకు చెందిన రయన్ డంకన్ ఈ పురస్కారం గెలిచాడు. అతనికి రెండు పక్కలా ఆడినవారు జోనథన్ టేవ్స్, టి. జె. ఓషీ. ముగ్గురి ఇంటిపేర్ల తొలి అక్షరాలు కలిపి ఆ వరుసను డాట్ లైన్ అని పిలిచేవారు. డంకన్ 57 పాయింట్లు చేశాడు, అది చిన్న సంగతి కాదు. అయితే తరవాత టేవ్స్ వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో షికాగో జట్టుకు నాయకుడై, ఆ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌ను మూడుసార్లు ఎత్తాడు, ఓషీ వాషింగ్టన్‌తో ఒకసారి ఎత్తాడు, డంకన్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. కళాశాల పురస్కారాన్ని తరవాతి జీవితంతో కొలవకూడదని నాకు తెలుసు. ముగ్గురు కలిసి నేసిన బట్టకు ఒక్కడి పేరు పెట్టడం ఎంత కష్టమో చెప్పడానికే ఈ ఉదాహరణ తీసుకున్నాను.

ఇక గుణగణాల సంగతి. ఆటలో ప్రతిభతో పాటు శీలం, క్రీడాస్ఫూర్తి, చదువు కూడా చూస్తామని నిబంధనల్లో ఉంది. దానికి కారణం పురస్కారానికి పేరిచ్చిన మనిషే. హోబీ బేకర్ 1914లో ప్రిన్స్‌టన్ నుంచి పట్టా పుచ్చుకున్నాడు. హాకీలోనూ అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ ఆ విశ్వవిద్యాలయానికి నాయకత్వం వహించాడు. ఆట ముగిశాక ప్రత్యర్థుల గదికి వెళ్లి చేతులు కలిపి వచ్చేవాడని చెప్పుకుంటారు. మొదటి ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానం నడిపాడు. యుద్ధం ముగిసి, స్వదేశానికి వెళ్లమన్న ఉత్తర్వులు చేతికి వచ్చాక, 1918 డిసెంబర్ 21న ఫ్రాన్స్‌లోని టూల్‌లో మరమ్మతు చేసిన విమానాన్ని పరీక్షిస్తూ కూలి, 26 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఇందులో నాకు నచ్చే చిన్న విషయం మరొకటి ఉంది. ఆయన కాలంలో జట్టుకు ఏడుగురు ఉండేవారు, ఆయన ఆడింది రోవర్ స్థానంలో. అంటే దాడికీ రక్షణకూ రెండింటికీ తిరిగే మనిషి. ఆయన పేరుతో ఇచ్చే పురస్కారం దాడి చేసేవారి సొత్తు అయిపోయింది.

గుణాన్ని నిజంగానే లెక్కలోకి తీసుకున్నట్టు కనిపించిన ఏడాది 2013. సెయింట్ క్లౌడ్ స్టేట్‌కు చెందిన డ్రూ లెబ్లాంక్ అంతకుముందు సీజన్‌లో కాలు విరగ్గొట్టుకుని, ఐదో ఏడాది తిరిగి వచ్చి, గణితం చెప్పే ఉపాధ్యాయుడు కావడానికి చదువుకుంటూ 42 ఆటల్లో 50 పాయింట్లు చేశాడు. బోస్టన్ కాలేజీకి చెందిన జానీ గాడ్రో 35 ఆటల్లోనే 51 చేశాడు. లెబ్లాంక్ గెలిచాడు. మరుసటి ఏడాది గాడ్రో 40 ఆటల్లో 80 పాయింట్లు చేసి ఇక కాదనలేని స్థితి తెచ్చి గెలుచుకున్నాడు. 2024 ఆగస్టులో తమ్ముడితో కలిసి సైకిల్ మీద వెళుతూ కారు ఢీకొని అతను చనిపోయినప్పుడు ఆ 80 పాయింట్ల సీజన్‌నే అందరూ మళ్లీ తలచుకున్నారు. లెబ్లాంక్ విజయం నాకు ఇష్టమైనదే, కానీ ఆ ఏడాది గుణం, పట్టుదల అంత బరువు తూగితే మిగతా ఏళ్లలో ఎందుకు తూగలేదు? 2023లో ఆడమ్ ఫాంటిల్లీ, 2024లో మాక్లిన్ సెలెబ్రీనీ వరుసగా మొదటి ఏడాది విద్యార్థులుగా గెలిచారు. ఇద్దరూ అర్హులే, పాయింట్లు చాలు వారికి. ఒకే ఏడాది చదివి వెళ్లిపోయే పిల్లవాడి విద్యాప్రగతిని మండలి ఏ విధంగా తూచిందో తెలుసుకోవాలని మాత్రం నాకు కుతూహలం.

నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. విజేతను ఎందుకు ఎంచుకున్నారో, చివరి ముగ్గురిలో మిగతా ఇద్దరిని ఎందుకు కాదన్నారో, ఒక పేజీ వివరణ రాయాలి. రెండోది, ప్రకటన తేదీ మార్చాలి. సెమీఫైనల్స్‌కూ ఫైనల్‌కూ నడుమ ఉన్న శుక్రవారం ఈ పురస్కారం ఇస్తారు. 2022లో మెకే శుక్రవారం బోస్టన్‌లో వేదిక ఎక్కి పురస్కారం అందుకున్నాడు. శనివారం ఫైనల్లో రెండు పీరియడ్లు ముగిసేసరికి మా జట్టు 1-0 ఆధిక్యంలో ఉంది. మూడో పీరియడ్‌లో డెన్వర్ ఐదు గోల్స్ కొట్టింది. ఆ ఇరవై నిమిషాల తరవాత ఓటు వేయమంటే మండలి ఏం చేసేదో నేను చెప్పలేను గానీ, కనీసం సీజన్ మొత్తం చూసి ఓటు వేశామని చెప్పుకునే వీలైనా వారికి ఉండేది.

నా ఓటు మాత్రం 2022లో లేవీకే పడేది. మాంకేటోలో నాతో చదివినవారు దీని కింద ఏం రాస్తారో ఊహించగలను. 38 విజయాల సంగతి దయచేసి మళ్లీ గుర్తు చేయవద్దు, అది పైన నేనే రాశాను.