డినైడ్ అంటే కాదన్నట్టు కాదు, గమనించగలరు

ఆరోగ్య బీమా కంపెనీ క్యాష్‌లెస్ (అంటే ఆస్పత్రి బిల్లు నేరుగా తనే కట్టడం) ఇవ్వనని పంపే ఇంగ్లీషు ఉత్తరాల్లో తరచుగా ఒక వాక్యం కనిపిస్తుంది. క్యాష్‌లెస్‌ను డినై చేసినంత మాత్రాన చికిత్సను డినై చేసినట్టు భావించరాదట. ఎంత పెద్ద మనసు! వైద్యం మానేసి ఇంటికి పొమ్మని వాళ్లు అనలేదు. నిక్షేపంలా చేయించుకోండి, బిల్లు మాత్రం మీరు కట్టుకోండి. ఈ వాక్యం రాసినాయన పెళ్లిళ్ల పేరయ్య అయ్యుంటే, అబ్బాయి వద్దన్నాడని చెప్పి, "అంతమాత్రాన అమ్మాయికి పెళ్లి కాదని అర్థం కాదు సుమండీ" అని కాఫీ తాగి వెళ్లిపోయేవాడు.

పాలసీదారులందరూ ఈ భాషను శ్రద్ధగా నేర్చుకోవాల్సిన అవసరం ఉంది. ఇవ్వం అనే ఒక్క ముక్కకి వాళ్ల దగ్గర పెద్ద మెట్ల వరుసే ఉంది. మొదటిది క్వెరీ. ఇందులో కాదనడమే లేదు, వట్టి అడగడమే. జబ్బు మొదట ఎప్పుడు బయటపడిందో చూపించే కాగితం కావాలంటారు. ఇస్తారు. డాక్టరు సంతకం కింద రిజిస్ట్రేషన్ నంబరు సరిగా కనిపించడం లేదంటారు. మళ్లీ స్కాన్ చేసి పంపిస్తారు. ఈసారి మొదట పంపిన కాగితమే మళ్లీ అడుగుతారు. మీకు విసుగొచ్చి ఊరుకున్నారనుకోండి, ఫైలు క్లోజ్డ్. దాన్నెవరూ రిజెక్ట్ చేయలేదు, తనంతట తానే మూసుకుంది.

తర్వాతది డిసలౌడ్. పెట్టిన బిల్లులో గ్లవ్స్‌కి, దూదికి, గౌనుకి కోత పడిందంటే అది ఇదే. పాలసీ డబ్బులివ్వక్కర్లేని వస్తువులంటూ 68 పేర్లతో ఒక జాబితానే ఉంది. డైపర్లు, క్యారీ బ్యాగులతో సహా. రూము అద్దె పరిమితి దాటారా, చాలా పాలసీల్లో రూము అద్దె ఒక్కటే తగ్గదు, డాక్టరు ఫీజుతో సహా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు. ఆ పేరు విన్నాక ఎదురు చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది?

అన్నిటికంటే పై మెట్టు రిపుడియేటెడ్, అంటే క్లెయిమును మొత్తంగా తోసిపుచ్చడం. రిజెక్టెడ్ అంటే గుమాస్తా కూడా చెయ్యగలడు, రిపుడియేషన్‌కి హోదా ఉంది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కూడా 2023-24 వార్షిక నివేదికలో డిసలౌడ్, రిపుడియేటెడ్ అనే రెండు గౌరవాలనూ వేర్వేరుగానే లెక్కగట్టింది. సుమారు 1.17 లక్షల కోట్ల రూపాయల ఆరోగ్య బీమా క్లెయిముల్లో డిసలౌడ్ 15,100 కోట్లు, రిపుడియేటెడ్ 10,937 కోట్లు. రెండూ కలిపితే 26 వేల కోట్లు దాటింది. ఇంత సొమ్ము ఇవ్వకపోయినా ఏ ఉత్తరంలోనూ ఇవ్వం అన్న మాట ఉండదు. వియ్ రిగ్రెట్ అని మాత్రం ఉంటుంది. పాపం, బాధపడ్డారు.

రిపుడియేషన్ ఎలా పుడుతుందో కళ్లకు కట్టినట్టు చెబుతాను. రాత్రి రెండు గంటలు. ఒకాయన్ని క్యాజువాలిటీలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. డ్యూటీ డాక్టరు కుర్రాడు, నిద్ర కళ్లతో పక్కనున్న భార్యని అడిగాడు: "అమ్మా, సార్‌కి బీపీ ఉందా?"

"ఎందుకు లేదు బాబూ, ఎప్పట్నుంచో ఉంది. మాట వింటేగా!"

"ఎప్పట్నుంచో అంటే ఎన్నేళ్లమ్మా?"

"ఏమో నాయనా, ఓ పదేళ్ల నుంచీ చెబుతున్నా, ఉప్పు తగ్గించమని."

కుర్రాడు రాసుకున్నాడు: హైపర్‌టెన్షన్, టెన్ ఇయర్స్. పాలసీ తీసుకుని రెండేళ్లయింది. బీపీ మాత్ర మొదలుపెట్టి ఏడాది. ఆవిడ చెప్పింది ఉప్పు గురించి. కానీ కేస్ షీటులో పడిన అక్షరానికి శిలాశాసనమంత విలువ. నెల తిరక్కుండానే ఉత్తరం వచ్చింది: పాత జబ్బు దాచిపెట్టారు, నాన్ డిస్‌క్లోజర్, రిపుడియేటెడ్.

కాబట్టి తెలుగు ఇల్లాళ్లకు క్యాజువాలిటీలో మాట్లాడటంపై వెంటనే శిక్షణ ఇప్పించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. "చిన్నప్పట్నుంచీ ఈయనింతే" అనకూడదు, కన్‌జెనిటల్ అయిపోతుంది. "వాళ్ల నాన్నా ఇంతే" అంటే వంశపారంపర్యం. "పెళ్లయిన కాణ్నుంచీ ఈయనతో నాకు తలనొప్పే" అన్నారా, జబ్బు ఎవరిదన్న గొడవ లేకుండా న్యూరాలజీ కింద రాసుకుంటారు. "పండక్కీ పబ్బానికీ ఓ పెగ్గు" అంటే ఆల్కహాలిక్. "నాలుగు రోజుల్నుంచీ నలతగా ఉన్నాడు" అన్నా ప్రమాదమే, నాలుగు రోజులు ఆగిన జబ్బుకి అడ్మిషన్ ఎందుకు, ఓపీలో చూపించుకుంటే సరిపోయేదిగా అంటారు. ఏమడిగినా "నాకు తెలియదండీ, మీరే పరీక్ష చేసి చూడండి" అని ఊరుకోవడం ఉత్తమం. మనిషి పోతున్నా సరే, ఏడుపులో విశేషణాలు వాడొద్దు.

అసలు పాలసీ తీసుకునేటప్పుడు జబ్బుల వివరాలు రాసే ప్రపోజల్ ఫారం నింపిందెవరు? ఏజెంటు. ఎంత చక్కటి తెలుగులో నింపాడనుకున్నారు! "అన్నయ్యా, మీరు సంతకం పెట్టండి, మిగతాది నేను చూసుకుంటా. షుగరు బోర్డర్‌లో ఉంటే అదేం జబ్బు కాదులెండి, రాస్తే ప్రీమియం పెరుగుతుంది. వదినగారికి కూడా చెప్పండి, రూపాయి కట్టే పని లేదు, కార్డు చూపిస్తే చాలు." ఇస్తామన్నప్పుడు అన్నయ్య, వదిన, అచ్చ తెలుగు. ఇవ్వం అన్నప్పుడు డియర్ సర్ ఆర్ మేడమ్, క్లాజు నంబరు, సబ్ క్లాజు. నిబంధనల సారాంశం ఉండే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీటును అడిగితే స్థానిక భాషలో ఇవ్వాలని 2024 జనవరి నుంచి రూలుంది. అడగాలని ఎవరికి తెలుసు? ఏజెంటన్నయ్య మాత్రం చెప్పడు.

ఆ ఉత్తరం కింద సంతకం కూడా ఉండదు. కంప్యూటర్ పంపింది కాబట్టి సంతకం అక్కర్లేదని ఉంటుంది. 2024 మే నెలలో ఐఆర్‌డీఏఐ తెచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం కంపెనీ లోపలి కమిటీ గానీ, అందులో ముగ్గురు సభ్యుల క్లెయిమ్స్ రివ్యూ కమిటీ గానీ ఒప్పుకోకుండా ఏ క్లెయిమునూ రిపుడియేట్ చేయకూడదు. అంటే కనీసం ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని, ఆవిడ ఉప్పు గురించి చెప్పిన మాటను చదివి, తలలూపి ఉండాలి. ఆ ముగ్గురి పేర్లు చెప్పండి చాలు.

క్యాష్‌లెస్ అడిగితే గంటలో తేల్చాలి, డిశ్చార్జికి మూడు గంటల్లో తేల్చాలి, ఆలస్యమై ఆస్పత్రి అదనంగా వేస్తే ఆ ఖర్చు కంపెనీయే భరించాలి. ఇదీ ఆ సర్క్యులర్‌లోదే. దాన్ని తెచ్చిన ఆఫీసు ఎక్కడో ఢిల్లీలో లేదు, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోనే ఉంది. అదే ఊరి ఆస్పత్రుల్లో పొద్దున తొమ్మిదింటికి చేతికున్న సెలైన్ సూది తీయించుకుని, బట్టలు మార్చుకుని, మందుల కవరు ఒళ్లో పెట్టుకుని మంచం అంచున సాయంత్రం దాకా కూర్చునే మనుషులున్నారు. ఇన్సూరెన్స్ డెస్క్ అమ్మాయి కంప్యూటర్ మీంచి తలెత్తకుండా అంటుంది: "సార్, ఇనీషియల్ అప్రూవల్ విత్‌డ్రా అయిందండీ."

విత్‌డ్రా ఏమిటి? మీరు సరేనన్నారనే కదా ఆయన ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు! స్టెంటు కూడా విత్‌డ్రా చేస్తారా? కుట్లు విప్పి వెనక్కి తీసుకుంటారా? అక్కడ మెట్ల దగ్గర ఆయన కూతురు గాజులు తీసి కర్చీఫులో చుట్టి తమ్ముడి చేతిలో పెడుతోంది, గోల్డ్ లోను ఆఫీసు మూసేలోపు వెళ్లమని. ఏళ్ల తరబడి ఒక్క వాయిదా తప్పకుండా ప్రీమియం కట్టిన ఇల్లు అది. గడువు దాటి నెలపైన ఒక్క రోజు ఆలస్యమైతే పాలసీయే ల్యాప్స్ అన్న పెద్దలు మీరు. సిగ్గులేదూ?

క్షమించాలి, వ్యాసం మర్యాదగా సాగుతోంది, గాడి తప్పింది.

వచ్చిన ఉత్తరాన్ని చింపి పారేయకండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాసి, నెల రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, అదే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గర ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. పోయేముందు కేస్ షీటు జెరాక్సు మొత్తం తీయించుకోండి, డిశ్చార్జి రోజే అడగండి. తర్వాత అడిగితే, ఇవ్వకుండా ఉండటానికి ఆస్పత్రి వాళ్లు కూడా ఏదో ఒక ఇంగ్లీషు మాట వెతుక్కుంటారు.