రీసెర్చ్ చేసి కాల్చిన తుపాకీ

మా బావమరిదికి ఒక జబ్బుంది. తెలుగు సినిమాలో హీరో తొడకొడితే రైలు వెనక్కి పోయిందని ఇరవై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నాడు. మొన్న ఆదివారం మా ఇంట్లో పప్పుచారు జుర్రుకుని, సోఫాలో కాళ్లు బారజాపి, టీవీలో ఒక పాత కౌబాయ్ సినిమా పెట్టాడు. "చూడు బావా, హాలీవుడ్ వాళ్లు చొక్కా బొత్తాం దగ్గర్నుంచి రీసెర్చ్ చేసి తీస్తారు. మనవాళ్లకి ఇదెప్పుడు వస్తుందో!" అని నిట్టూర్చాడు.

రీసెర్చ్ అన్న మాట దగ్గరే నాకు బీపీ లేచింది.

నేనేమీ తుపాకీ పట్టినవాణ్ని కాను. దీపావళికి రీళ్లు పెట్టి పేల్చిన రేకు పిస్తోలు వరకే నా అనుభవం. అయితే క్యాలెండర్ చూడ్డం వచ్చు. 1939లో వచ్చిన 'స్టేజ్‌కోచ్' కథ జరిగేది 1880లో. అందులో హీరో జాన్ వేన్ దారికడ్డంగా నిలబడి ఒంటిచేత్తో గిర్రున తిప్పే రైఫిల్ వించెస్టర్ 1892 మోడల్. దానికి ఆధార్ కార్డు అక్కర్లేదు, పుట్టిన సంవత్సరం పేరులోనే ఉంది. 1956 నాటి 'ది సెర్చర్స్' కథ 1868లో మొదలవుతుంది. అందులోనూ ఆయనగారి చేతిలో అదే రైఫిల్, నడుముకేమో 1873లో వచ్చిన కోల్ట్ రివాల్వర్. ఎంత లోతైన రీసెర్చో చూడండి, ఇరవైనాలుగేళ్లు ముందుకెళ్లి మరీ పట్టుకొచ్చారు!

అసలు సంగతి ఏమిటంటే, స్టూడియోల తుపాకుల గదుల్లో 1892 మోడళ్లు దండిగా పడి ఉండేవి. ఆ రైఫిల్‌కీ, నడుముకున్న రివాల్వర్‌కీ ఒకే రకం ఉత్తుత్తి తూటా సరిపోయేది. ఇంకా పాతకాలం 'హెన్రీ' రైఫిల్ కావాలంటే 1892 మోడల్‌కే ముందున్న చెక్క పీకేసి ఇదే హెన్రీ అనేవాళ్లు. అద్దె కిరీటం ఒకటి తెచ్చి రాముడికీ, దుర్యోధనుడికీ దాన్నే పెట్టడం అన్నమాట. మన నాటక కంపెనీ చేస్తే కక్కుర్తి, వాళ్లు చేస్తే రీసెర్చ్. 1971లో మన కృష్ణగారు కౌబాయ్ టోపీ పెట్టి రాజస్థాన్ ఎడారిలో గుర్రం పరిగెత్తించారు. అదేదో చరిత్ర అని అప్పుడు మనమెవరికీ చెప్పుకోలేదు, ఈలలు వేసి ఇంటికొచ్చాం.

'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' 1862 నాటి అమెరికా అంతర్యుద్ధం కథ. క్లింట్ ఈస్ట్‌వుడ్ తన కోల్ట్‌లో మెరిసే ఇత్తడి తూటాలు టకటకా దూరుస్తుంటాడు. వెనక నుంచి తూటా దూర్చే పద్ధతి మీద పేటెంట్ 1869 దాకా స్మిత్ అండ్ వెసన్ వాళ్ల చేతిలో ఉంది. అంతవరకూ కోల్ట్ వాళ్లు ఆ జోలికి పోలేకపోయారు. అందులోనే డైనమైట్ పెట్టి వంతెన పేల్చేస్తారు. నోబెల్ దానికి పేటెంట్ తీసుకున్నది 1867లో.

సరే, మావాడి ముచ్చట తీరుద్దాం. నిజంగానే రీసెర్చ్ చేసి 1862 సీను తీద్దాం. మిట్టమధ్యాహ్నం, దుమ్ము వీధి. ఆ చివర విలన్, ఈ చివర హీరో, వెనక ఈల సంగీతం. హీరో తుపాకీ ఖాళీగా ఉంది. "ఒక్క నిమిషం" అని చెయ్యి చూపించి, సీసాలోంచి తుపాకీ మందు కొలిచి, గుండ్లు పట్టే చక్రంలో ఒక గదిలో పోస్తాడు. మీద సీసపు గుండు పెడతాడు. గొట్టం కింద ఉన్న మీట లాగి కూరతాడు. ఇలా ఆరుసార్లు. ఒక గది నిప్పు పక్క గదికి అంటుకుంటే చెయ్యే పోతుంది కాబట్టి పైన కొవ్వు పూస్తాడు. కిళ్లీ కొట్టువాడు ఆకుకి సున్నం రాసినంత శ్రద్ధగా పూస్తాడు. తర్వాత తుపాకీ తిప్పి, వెనకవైపు మందుకి నిప్పంటించే చిన్న చిన్న రాగి టోపీలు బొటనవేలితో ఒక్కోటి తొడుగుతాడు, కిళ్లీకి లవంగం గుచ్చినట్టు. విలన్ చుట్ట ముట్టిస్తాడు. ఈల వేసేవాడు నోరెండిపోయి సోడా తాగొస్తాడు. ఇంతలో ఒక టోపీ జారి దుమ్ములో పడుతుంది. హీరో వంగి వెతుకుతాడు. పాపం, విలన్ కూడా వచ్చి వెతుకుతాడు. దొరికాక ఎవరి స్థానాలకి వాళ్లు వెళ్లి మళ్లీ కళ్లు చిట్లిస్తారు.

ఢాం! అప్పటిది పొగలు కక్కే నల్ల తుపాకీ మందు. పొగ రాని మందు ఫ్రాన్సులో 1884లో గానీ తయారవలేదు. మొదటి దెబ్బకి సాంబ్రాణి, రెండో దెబ్బకి భోగిమంట, మూడో దెబ్బకి వీధే కనపడదు. "ఎక్కడున్నావ్?" అని హీరో దగ్గు. "ఇక్కడే!" అని విలన్ దగ్గు. పేలిన రాగి టోపీ ముక్క లోపల ఇరుక్కుని తుపాకీ బిగుసుకుపోతుంది. ఇంటర్వెల్.

మావాడు కడుపు పట్టుకుని నవ్వి, "పోనీలే బావా, ఎంటర్‌టైన్‌మెంట్ కదా" అన్నాడు.

పోనిద్దాం. పొగ పోనిద్దాం, పేటెంట్లు పోనిద్దాం. అరిజోనాలోని టూంబ్‌స్టోన్ ఊళ్లో తుపాకీ పట్టుకు తిరక్కూడదని చట్టం ఉండేదనీ, 1881 నాటి ఆ ప్రసిద్ధమైన కాల్పులు ఆ చట్టం అమలు దగ్గరే రాజుకుని అర నిమిషంలో ముగిశాయనీ చాలా సినిమాలు చూపించకపోయినా పోనిద్దాం.

ఒకటి మాత్రం నేను పోనివ్వను. ఈ సినిమాల్లో ఇండియన్ల, అంటే అమెరికా ఆదివాసుల చేతికి ఎప్పుడు చూసినా విల్లమ్ములేనా? కేకలేసుకుంటూ గుండ్రంగా తిరిగి పిట్టల్లా రాలిపోవడమేనా వాళ్ల పని? 1876లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో అమెరికా సైనికాధికారి కస్టర్ సిపాయిల చేతుల్లో ఉన్నది ఒక్కసారి పేల్చి మళ్లీ తూటా పెట్టుకోవాల్సిన స్ప్రింగ్‌ఫీల్డ్. వరసపెట్టి పేల్చే హెన్రీలు, వించెస్టర్లు ఉన్నది లకోటా, షయెన్ అనే ఇండియన్ తెగల యోధుల దగ్గర! 1980లలో ఆ నేల గాలించి, తూటాల గుల్లలు ఏరి, ఏది ఏ తుపాకీదో తేల్చారు. అదిరా రీసెర్చ్ అంటే!

1890 డిసెంబర్ 29న సౌత్ డకోటాలో, 'వూండెడ్ నీ' అనే చోట, చలిలో గుడారాలేసుకున్న లకోటాలని అమెరికా సైన్యం చుట్టుముట్టింది. ఎందుకంటే వాళ్ల దగ్గరున్న తుపాకులు లాక్కోడానికి. గుట్ట మీద నాలుగు హాచ్‌కిస్ ఫిరంగులు గుడారాలకి గురిపెట్టి ఉన్నాయి. పెనుగులాటలో ఒక తుపాకీ పేలింది. ఆ తర్వాత ఫిరంగులు పేలాయి. పోయినవాళ్లు 250 నుంచి 300 మంది, అందులో ఎందరో ఆడవాళ్లు, చంటిపిల్లలు. మంచులో గడ్డకట్టిన శవాలని ఒకే గోతిలో పూడ్చారు. సిపాయిలకి మాత్రం సుమారు 20 మెడల్స్ ఆఫ్ ఆనర్, ఆ దేశపు అత్యున్నత సైనిక పతకాలు! టోపీ అంచు దగ్గర్నుంచి రీసెర్చ్ చేసేవాళ్లకి ఆ నాలుగు ఫిరంగులు కనపడలేదా? ఒక్కటి తెచ్చి హీరో పక్కన నిలబెట్టరేం?

వించెస్టర్ 1892 వచ్చింది ఇది జరిగిన రెండేళ్లకి. అంటే వెండితెర మీద ఇండియన్లని గుట్టలుగా రాల్చిన తుపాకీ తయారయ్యేసరికి, ఆ యుద్ధాలే అయిపోయాయి.

బావమరిది రిమోట్ తీసి బొమ్మ ఆపాడు. తెర మీద ఎడమవైపు హీరో, చేతిలో రైఫిల్. కుడివైపు గుర్రం మీంచి పడిపోతున్న ఇండియన్.

"పోనీ బావా, ఆ పడేవాడైనా నిజమేనా?" అన్నాడు.

ఇద్దరం లేచి దగ్గరికెళ్లి చూశాం. చెమటకి మెడ దగ్గర రంగు కారుతోంది.