ఆన్‌లైన్ పోకర్ వల్ల గోదావరి డెల్టాకి ఒనగూరిన లాభాలు, కించిత్తు నష్టాలు

ఫోనులో డబ్బులు పెట్టి ఆడే పేకాట, అదే ఆన్‌లైన్ పోకర్‌ని ఈమధ్య అందరూ తెగ తిడుతున్నారు. 2020లో మన ఆంధ్రప్రదేశ్ రమ్మీతో కలిపి దాన్ని నిషేధించింది, ఆడేవాడికి కూడా జైలే అంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఇంకో అడుగు ముందుకేసి, డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ దేశమంతా తాళం వేసింది, నడిపేవాడికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. సరే, పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు కాబట్టి ఆ మర్యాద ప్రకారం ముందు లాభాలే చెప్తానండి.

అన్నిటికన్నా పెద్ద లాభం పరువు. పాత పద్ధతిలో పేకాడాలంటే గోదావరి మధ్య లంకలోకో, కొబ్బరితోటలోకో పోవాలి, తూము దగ్గర ఒక కుర్రాణ్ణి కాపలా పెట్టాలి, జీపు చప్పుడు వినిపిస్తే లుంగీ ఎగ్గట్టి కాలవలోకి దూకాలి, ఈత రానివాడు దొరికిపోవాలి. మర్నాడు జిల్లా పేజీలో 'పేకాట శిబిరంపై దాడి, పేకాటరాయుళ్ళ అరెస్టు' అని ఫోటో, అందులో అందరూ తలలు వంచుకుని ఉంటారు గానీ ఆ బట్టతల ఎవరిదో ఊరంతా గుర్తుపడుతుంది. పోకర్ యాప్ వచ్చాక ఈ అవమానం తప్పింది. దుప్పటి ముసుగేసుకుని, బ్రైట్‌నెస్ తగ్గించుకుని, భార్య పక్కనే పడుకుని ఎకరం పోగొట్టుకోవచ్చు. ఆవిడ నిద్ర కూడా చెడదు.

రెండోది, రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా సమస్య తీరిపోయింది. ఇదివరకు తెల్లవారుజామున కునుకు పట్టేది. పోకర్ ఆడేవాడికి కునుకెక్కడిది? భీమవరం పక్కన ఒక చెరువు గట్టు మీద జరిగిందని చెప్పుకునేది వినండి. షెడ్డులో మడత మంచం మీద రైతు, చేతిలో ఫోను, ఫోనులో రెండు రాజులు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. పనికున్న కుర్రాడు గట్టు మీంచి "బాబాయ్, జనరేటర్ వెయ్యాలి, తాళం ఎక్కడ పెట్టావ్?" అని అరుస్తుంటే, ఈయన "ఉండరా, ఆల్ ఇన్ కొట్టాను" అన్నాడట, అంటే ఉన్నదంతా పందెం కాసేశాడన్నమాట. అవతలివాడు రెండు ఆసులు దింపాడు. ఆ తాళం దిండు కింద దొరికి, జనరేటర్ అందుకునేసరికి వనామీ రొయ్య మొత్తం ఊపిరాడక నీటి పైకొచ్చేసింది, పట్టుబడికేమో ఇంకా వారం పైన ఉంది. నిద్రపోయాడని మాత్రం ఆయన్ని ఎవరూ అనలేరు.

మేధస్సు పెరుగుతుంది, ఇది మూడోది. పోకర్ అదృష్టం కాదు, నైపుణ్యం అని కంపెనీలు చెప్పాయి, ఊళ్ళో కుర్రాళ్ళూ అప్పజెప్పారు. నిజానికి సుప్రీంకోర్టు 1967లో మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యం ఉందంది, మూడు ముక్కలాట మాత్రం ఉత్త అదృష్టమే అంది. పోకర్‌వాళ్ళు మెల్లగా వచ్చి రమ్మీ పక్కన కుర్చీ వేసుకున్నారు. గుజరాత్ హైకోర్టు 2017లో ఆ కుర్చీ లాగేసింది, వేరే కోర్టులు మళ్ళీ వేశాయి. మన డెల్టాలో ఈ చర్చ ఎప్పుడో ముగిసిపోయింది: గెలిస్తే నైపుణ్యం, ఓడితే సిగ్నల్ లేదు.

లెక్క మాత్రం ఎవరూ కాదనలేరు. మొదటి రెండు ముక్కలూ ఆసులే రావడం సగటున 221 ఆటలకి ఒకసారి. మిగతా 220 సార్లలో చాలాసార్లు ముక్కలు పారేసి ఓపిగ్గా కూర్చోవడమే ఆ నైపుణ్యంలో సింహభాగం అని తెలిసినవాళ్ళు చెప్తారు. సంక్రాంతికి కోడి కాలికి కత్తి కట్టేదాకా కూడా ఆగలేక పక్కనున్న గుండాట బల్ల దగ్గరికి పరిగెత్తే మనవాళ్ళకి అంత ఓపికుంటే ఆ డబ్బుతో ఇంకో నాలుగెకరాలు కొనేవారు కదండీ. అన్నట్టు, 2003లో అమెరికాలో ఒక అకౌంటెంటు వంద డాలర్ల లోపు పెట్టి ఆన్‌లైన్‌లో నెగ్గి, అక్కడినుంచి ప్రపంచ పోటీకి వెళ్ళి 25 లక్షల డాలర్లు కొట్టాడు. ఆ కథ విని ఎంతమంది గూగుల్‌పే తెరిచారో. ఆయన ఇంటిపేరు మనీమేకర్. నిజంగానే. మన అమలాపురం, నరసాపురం వైపు ఆ ఇంటిపేరువాళ్ళెవరూ నాకు తగల్లేదు.

దేశభక్తి కూడా ఉందండోయ్. 2023 అక్టోబరు నుంచి, వేసిన ప్రతి పదివేలలో 2,187 రూపాయలు ముక్క చూడకముందే జీఎస్టీ కింద పోయేవి. మిగిలినదాంట్లో ప్రతి ఆటలో పోగైన పందెం సొమ్ములోంచీ కంపెనీ కమీషన్, ఖర్మకాలి గెలిస్తే నికర లాభం మీద ముందే కోసుకునే పన్ను, 30 శాతం టీడీఎస్. దాళ్వా పంట మీద ఒక్క రూపాయి ఆదాయప్పన్ను కట్టని రైతుని పట్టుకొచ్చి పన్ను కట్టించిన ఘనత పోకర్‌దే.

ఇక నష్టాలు. ఎంత నిష్పక్షపాతంగా రాద్దామన్నా కొన్ని తగులుతున్నాయి.

లంకలో ఆడినప్పుడు ఎదురుగా ఉన్నవాడెవడో, వాళ్ళ నాన్నెవరో, మంచి ముక్క పడితే చెవి గోక్కుంటాడని కూడా మనకి తెలుసు. ఇక్కడ ఎదురుగా ఉన్నది 'లక్కీకింగ్77'. వాడు మనిషన్న గ్యారంటీ కూడా లేదు, 2019లోనే అమెరికాలో తయారైన ప్లూరిబస్ అనే ప్రోగ్రాం ఆరుగురాడే పోకర్‌లో ప్రపంచస్థాయి ఆటగాళ్ళని ఓడించింది. మనిషే అయినా, ఒకే గదిలో ముగ్గురు కూర్చుని ముక్కలు చెప్పుకుని ఆడుతుంటే మీకు కనబడదు.

పులసకైతే పుస్తెలు అమ్మినా ఒక న్యాయముంది, కనీసం ఆ పుస్తెల మనిషికి ఒక ముక్క పులుసైనా దక్కుతుంది. పోకర్‌లో వాసన కూడా రాదు. కొత్త చట్టం ఆడినవాణ్ణి శిక్షించదు, బాధితుడిగా చూస్తుంది. మా వీధిలో ఒకాయన ఈ సంగతి ఇంట్లో గర్వంగా ప్రకటించాడు. ఆవిడ పప్పు ఎనుపుతూ, "అయితే ఏవండీ, బ్యాంకులో తాకట్టులో ఉన్న నా నాంతాడు ఏ చట్టం కింద బాధితురాలో కాస్త చదివి చెప్పండి" అంది. ఆయన ఇప్పటికీ చదువుతున్నాడు.

చట్టాలకేం, మన దగ్గర దారులూ ఉన్నాయి. రాష్ట్రంలో నిషేధం పెట్టగానే ఫోనుకి దొంగ లొకేషన్ పెట్టడం వచ్చేసింది. అసలు మనకి యానాం ఉండగా దొంగ లొకేషన్ ఎందుకో నాకర్థం కాలేదు, అది పుదుచ్చేరిది, మన చట్టం అక్కడ చెల్లదు, మందు కోసం తిరిగి తిరిగి రోడ్డు కూడా అలవాటే. ఇప్పుడు దేశమంతా మూసేశాక విదేశీ సైట్లంట, టెలిగ్రామ్ గ్రూపులంట. అక్కడ గెలిస్తే డబ్బిస్తారా అని అడగకండి, ఆ ప్రశ్న గెలిచినవాళ్ళకి సంబంధించింది.

ఎప్పుడైనా నిషేధం ఎత్తేసే ఆలోచన ఉంటే, డెల్టా తరఫున ప్రభుత్వానికీ కంపెనీలకీ మూడు షరతులు పెడుతున్నాను. మొత్తం ఊడ్చుకుపోయినవాడికి బస్సు ఛార్జీ ఇచ్చి పంపే పద్ధతి లంకల్లో ఉంది, యాప్‌లో కూడా పెట్టాలి. రాత్రి పది దాటితే బిర్యానీ కంపెనీదే. మూడోది ముఖ్యం: ప్రతి బల్ల దగ్గరా ఒక మావయ్య ఉండాలి. ఆడడు, వెనక కూర్చుని చూస్తాడు. మనం మూడోసారి జేబు తడుముకోగానే "ఒరేయ్, లే ఇంక, మీ అమ్మకి ఫోన్ చెయ్యనా?" అంటాడు. జీతం అడగడు, టీ, పొగాకు చుట్ట ఇస్తే చాలు. ఏ కంపెనీ అయినా ఒప్పుకుంటే చెప్పండి, మా ఊళ్ళో అరుగుల మీద ఇద్దరు ఖాళీగానే ఉన్నారు.