ట్రాక్‌ని చూసి బొట్టు

అమెరికాలో షార్లెట్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి నాస్కార్ అనే స్టాక్ కార్ల రేసులంటే రేసు రోజున కాంకర్డ్ దారిలో ట్రాఫిక్, అంతే. నాకూ అంతే ఉండేది, ఆఫీసులో పక్క సీటాయన ఒకసారి స్పీడ్‌వేకి, అంటే ఆ రేసు ట్రాక్‌కి, లాక్కెళ్లేదాకా. ఇప్పుడైతే ఆదివారం రేసుకన్నా ఆ తర్వాత రెండు మూడు రోజులకి వచ్చే శిక్షల కబురుకే ఎక్కువ ఎదురుచూస్తున్నాను.

స్టాక్ కార్లు రాసుకుంటాయి, గుద్దుకుంటాయి, అదే ఆట. నా గొడవ దానితో కాదు. కోపం వచ్చి, కావాలని స్టీరింగ్ తిప్పి, ముందున్న కారు వెనక మూలకి కొట్టి దాన్ని తిన్నగా గోడకేసి పంపడం ఉంది చూశారా, దానితో.

2022 అక్టోబరులో లాస్ వేగస్‌లో లార్సన్ అనే డ్రైవర్‌ని బబ్బా వాలెస్ అలా కొడితే ఒక రేసు సస్పెన్షన్. 2023 మేలో మన షార్లెట్‌లోనే చేజ్ ఎలియట్ హామ్లిన్‌ని కొడితే అతనికీ ఒక రేసే. ఎలియట్ అంటే ఏటా అభిమానుల ఓట్లన్నీ మూటగట్టుకునే మనిషి, కాబట్టి ముఖం చూసి బొట్టు పెట్టారని ఎవరూ అనలేకపోయారు. హమ్మయ్య, రేటు ఖరారైంది అనుకున్నాం.

2025 మార్చిలో టెక్సస్‌లోని ఆస్టిన్ ఊళ్లో సిండ్రిక్ అనే డ్రైవర్ అదే పని టై డిల్లన్ మీద చేశాడు. 50 పాయింట్లు కోశారు, 50 వేల డాలర్లు జరిమానా వేశారు, సస్పెన్షన్ మాత్రం లేదు. అది రోడ్ కోర్సు, అంటే మెలికల రోడ్డులాంటి ట్రాక్, వేగం తక్కువ, ప్రమాదమని అందర్నీ నెమ్మదించమనే పసుపు జెండా కూడా ఊపాల్సి రాలేదు అన్నారు. వేగం మాట సగం ఒప్పుకుంటాను. కానీ జెండా రాకపోవడం టై డిల్లన్ అదృష్టం, అందులో సిండ్రిక్ మంచితనం ఏముంది? పైగా ఆ ఏడాది నుంచే సస్పెన్షన్‌తో రేసు తప్పితే ప్లేఆఫ్ (టైటిల్ తేల్చే చివరి దశ) పాయింట్లు పోతాయని కొత్త నిబంధన పెట్టుకున్నారు, కత్తి మరీ పదునెక్కేసరికి తీయడానికే చెయ్యి వణికిందేమోనని నా అనుమానం.

స్టీరింగ్ ఎంత తిరిగింది, బ్రేకు ఎప్పుడు తొక్కాడు అన్న డేటా అంతా వాళ్ల దగ్గరే ఉంటుంది. కావాలని కొట్టాడని తేలితే ఒక రేసు కూర్చోబెట్టండి, ట్రాక్ ఏదైనా సరే. తక్కిన లెక్కలు ఆ పైన చూసుకోవచ్చు. 2024లో రిచ్‌మండ్ చివరి మలుపులో ఇంకో డిల్లన్, ఆస్టిన్ డిల్లన్, ఇద్దర్ని పడగొట్టి గెలిస్తే, గెలుపు ఉంచి దానితో అప్పట్లో వచ్చే ప్లేఆఫ్ చోటు లాగేశారు, అది నాకు నచ్చింది. ఏ లాభం కోసం కొట్టాడో ఆ లాభమే పోయింది.

మా పక్క సీటాయన ఎలియట్ వీరాభిమాని. 2023లో సస్పెన్షన్ దారుణం అంటూ రెండు రోజులు భోజనాల దగ్గర ఊదరగొట్టాడు. సిండ్రిక్ విషయానికొచ్చేసరికి, "ఒక్క రేసైనా ఆపొద్దూ?" అన్నాడు.