"ఒక్కసారి దూకితే భయం పోతుంది" అన్నది నిజం కాదు

మొదటి ట్రయాథ్లాన్‌కి (ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి ఉండే రేసు) తయారవుతున్నవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: పూల్‌లో రెండు కిలోమీటర్లు ఆగకుండా ఈదితే సముద్రానికి రెడీ అయినట్టే. భయమంతా మనసులోనే, ధైర్యం చేసి ఒక్కసారి దూకితే పోతుంది. ఊపిరి ఆడనట్టుంటే ఇంకా జోరుగా ఈదాలి. మధ్యలో దేన్నయినా పట్టుకుంటే రేసులోంచి తీసేస్తారు. నలభై దాటినవాళ్ళకి నీళ్ళ భయం ఇక వదలదు.

ఇందులో ఏ ఒక్కటీ నిజం కాదు. రెండు మాటలైతే ప్రాణాల మీదికి తెచ్చేవి.

ముందు పూల్ సంగతి. ఒలింపిక్ డిస్టెన్స్ ట్రయాథ్లాన్‌లో ఈత 1500 మీటర్లు. 25 మీటర్ల పూల్‌లో అది 60 లెంగ్తులు. అంటే 59 సార్లు గోడ దొరుకుతుంది, కాళ్ళతో తన్ని ముందుకు జారతాం, ఆ రెండు క్షణాలు చేతులకి విశ్రాంతి. అడుగున నల్లగీత దారి చూపిస్తుంది. సముద్రంలో గోడా లేదు, గీతా లేదు. తల పైకెత్తి బోయ్ (దారి చూపడానికి నీళ్ళ మీద తేలేలా కట్టిన గుర్తు) ఎటుందో చూసుకుంటూ పోవాలి. తల లేచిన ప్రతిసారీ కాళ్ళు కిందికి దిగుతాయి, అలుపొస్తుంది. పక్కవాళ్ళ చెయ్యి ముఖానికి తగులుతుంది. వీటికి పూల్‌లోనే అలవాటు పడొచ్చు గానీ ల్యాప్‌లు లెక్కపెట్టుకుంటూ పోతే కాదు. గోడ ముట్టుకోకుండా రెండు గజాల ముందే వెనక్కి తిరగండి. ఒకే లేన్‌లో ముగ్గురు పక్కపక్కన ఈదండి. కళ్ళు మూసుకుని ఎనిమిది బారలు వేసి తల ఎత్తితే, ఎంత పక్కకి పోయారో మీకే తెలుస్తుంది.

ఇక దూకడం. దీనికి మన ఊళ్ళ బావుల్ని సాక్ష్యం తెస్తారు. "మా నాన్నని ఎత్తి బావిలో పడేశారు, ఈత వచ్చేసింది" అంటారు. నేనూ బావిలోనే నేర్చుకున్నాను. నా వీపుకి ఎండు సొరకాయ బుర్ర కట్టి ఉండేది. నడుముకి కట్టిన మోకు రెండో కొస మెట్ల మీద నిలబడ్డ మా తాతయ్య చేతిలో ఉండేది. బుర్ర తీసింది ఎన్నాళ్ళకో. తోసేయడం అందరికీ గుర్తుంటుంది, బుర్ర సంగతీ మోకు సంగతీ ఎవరూ చెప్పరు.

బావి ఈతా మూడేళ్ళ పూల్ ఈతా ఉన్న నేను వైజాగ్ రుషికొండ బీచ్‌లో మొదటిసారి కెరటాలు దాటి లోపలికి వెళ్ళినప్పుడు అరవై గజాలు కూడా పోలేదు. గాగుల్స్‌లోంచి కిందికి చూస్తే ఆకుపచ్చని మసక. చాచిన చేతి వేళ్ళు కనపడలేదు. గొంతు బిగుసుకుపోయింది. గాలి పీలుస్తూనే ఉన్నాను గానీ వదలడం లేదు. పక్కనే కయాక్‌లో (చిన్న తెడ్డు పడవలో) ఉన్న కోచ్ "వెల్లకిలా పడుకో, ఆకాశం చూడు" అని అరిచారు. పడుకున్నాను. చెవులు నీళ్ళలో మునిగి బయటి చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి, నా గుండె ఒక్కటే వినిపించింది. ఆ రోజుకి అంతే. తర్వాత మూడు వారాలు, వారానికి రెండుసార్లు, నడుం లోతు దాటలేదు. ముఖం ముంచి బుడగలు వదలడం, వెల్లకిలా తేలడం, ఒడ్డు పొడుగునా ఇరవై బారలు వేసి నిలబడటం. నాలుగో వారం ఛాతీ లోతు. భయం ఏ రోజు పోయిందో చెప్పలేను. ఒక రోజు ఒడ్డుకొచ్చాక గానీ, కింద మసకని అసలు పట్టించుకోలేదని తట్టలేదు.

దూకినవాళ్ళలో కొందరికి భయం పోయే ఉంటుంది, కాదనను. పోనివాళ్ళు మాత్రం మళ్ళీ గ్రూపులో కనపడరు.

"భయమంతా మనసులోనే" అన్నది నాకు అన్నిటికన్నా కోపం తెప్పించిన మాట. అమెరికా ట్రయాథ్లాన్లలో 1985 నుంచి 2016 దాకా జరిగిన ఆకస్మిక మరణాలు, గుండె ఆగిన ఘటనలు పరిశోధకులు లెక్క తీశారు. ఈతలో 90, పరుగులో 15, సైకిల్ మీద 7. పోస్ట్‌మార్టం జరిగినవాళ్ళలో సగానికి కాస్త తక్కువమందికి గుండెలో ముందునుంచే లోపాలున్నట్టు తేలింది. ఇవన్నీ భయం వల్లే అని నేననను. నీళ్ళలో ఛాతీ పట్టేసినప్పుడు "అంతా మనసే" అని ముందుకు పొమ్మనడం తప్పంటున్నాను. అలా అనిపిస్తే చెయ్యెత్తి కయాక్‌ని పిలవాలి. రేసుకి పేరిచ్చే ముందే, ముఖ్యంగా నలభై దాటినవాళ్ళు, గుండె పరీక్షలు చేయించుకోవాలి.

ఊపిరి ఆడనప్పుడు జోరు పెంచమనడం రెండో ప్రమాదం. టెన్షన్‌లో ఊపిరి బిగబట్టేస్తాం. కార్బన్ డయాక్సైడ్ లోపల పేరుకుంటుంది, గాలి చాలడం లేదని ఒళ్ళంతా గోలపెడుతుంది. అప్పుడు జోరు పెంచితే అది ఇంకా పేరుకుంటుంది. ముందు లోపలి గాలి పూర్తిగా వదలాలి, ముఖం నీళ్ళలో ఉండగానే, బుడగలుగా. అదీ కుదరకపోతే వెల్లకిలా తిరగాలి. మంచినీళ్ళకన్నా ఉప్పునీళ్ళు మనిషిని బాగా తేలుస్తాయి. బ్రిటన్ తీరాల్లో మునిగిపోయేవాళ్ళని కాపాడే ఆర్‌ఎన్‌ఎల్‌ఐ సంస్థ జనానికి చెప్పేదీ ఇదే: కంగారులో ఈదకండి, ముందు తేలండి. మన వైజాగ్ తీరంలో రిప్ కరెంట్లు ఉంటాయి, ఒడ్డు దగ్గరి నీళ్ళని పాయలా లోపలికి లాగేస్తాయి. వాటికి ఎదురీదితే ఎంత బలమున్నవాళ్ళైనా అలిసిపోతారు. తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, ఓపిక ఉంటే ఒడ్డు పొడుగునా పక్కకి ఈది బయటపడాలి. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ దిగకండి.

పట్టుకుంటే తీసేస్తారన్నది నిబంధనలు చదవనివాళ్ళ మాట. వరల్డ్ ట్రయాథ్లాన్ నియమాల ప్రకారం బోయ్‌నో, ఆగి ఉన్న పడవనో పట్టుకుని సేదతీరొచ్చు. దాని ఆసరాతో ముందుకి జరగకూడదు, అంతే. నా మొదటి రేసులో రెండో బోయ్ దగ్గర కయాక్ పట్టుకుని పది ఊపిర్లు లెక్కపెట్టుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

వయసు సంగతికి గోలి శ్యామల గారు చాలు. నలభై దాటాక ఈత నేర్చుకున్న ఈ హైదరాబాద్ మహిళ 2021 మార్చిలో, 48 ఏళ్ళ వయసులో, శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధిని ఈదారు. 30 కిలోమీటర్లు, దాదాపు 14 గంటలు.

పోయిన నెల మా గ్రూపులో ఒకావిడ చేరారు, యాభై మూడేళ్ళు. ఆ మెసేజ్ చదివి "దూకడం నావల్ల కాదండీ" అని, ఫీజు కట్టిన రేసు వదులుకోబోయారు. ఆదివారం పొద్దున్న ఆరింటికి రుషికొండలో కలుస్తున్నాం. నడుం లోతు దాటం. ముఖం ముంచి, బుడగలు వదిలి, వచ్చేస్తాం.