చీర గార్డు ఊడదీయుట అను మహాశాస్త్రం

విశాఖపట్నానికి ఓడరేవు ఉంది, ఉక్కు ఫ్యాక్టరీ ఉంది, ఓడలు కట్టే యార్డు ఉంది, 1926లో పుట్టిన విశ్వవిద్యాలయం కూడా ఉంది. వీటన్నిటి నడుమ అపార్ట్‌మెంట్ సెల్లార్లలో, ప్రభుత్వ సాయం పైసా లేకుండా నడుస్తున్న మరో పరిశ్రమను మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. ఒక స్పానర్ సెట్టు, అద్దెకు తెచ్చిన ఇనుము కోసే గ్రైండర్, నల్ల రంగు స్ప్రే డబ్బా, ఫోన్లో సగం చూసి ఆపేసిన వీడియో. పెట్టుబడి ఇంతే. దీంతో, కంపెనీ ఇంజనీర్లు ఏళ్ల తరబడి పరీక్షించి వదిలిన మోటార్‌సైకిల్‌ని ఒక్క ఆదివారంలో సరిదిద్దేస్తున్న మన కుర్రాళ్ల గురించి నాలుగు మాటలు రాయడం పౌరుడిగా నా విధి.

వీళ్లు చేతికందింది ఊడదీస్తారని గిట్టనివాళ్లు అంటారు. ఎంత అన్యాయం! ఈ పనిలో ఉన్న క్రమశిక్షణ చాలా ప్రభుత్వ శాఖల్లో కనపడదు. బండి మీద ఏ భాగం నడిపేవాడికి కాకుండా ఇంకొకరికి పనికొస్తుందో గుర్తుపట్టి, సరిగ్గా దాన్నే తీస్తారు.

తొలి వేటు చీర గార్డుకి. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 123వ నియమం ఉంది. వెనక కూర్చున్నవాళ్లకి పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండాలంటుంది. మూడూ ఒకేచోట రాసిపెట్టారు కాబట్టి మనవాడికి వెతుక్కునే శ్రమ తప్పింది. మూడూ ఒకే పూటలో పోతాయి. ఆ తర్వాత సీటు సగానికి కోయించి, మిగిలిన ముక్కకి గోధుమరంగు రెగ్జిన్ కుట్టిస్తాడు. సాయంత్రం అమ్మ సెల్లార్లోకి దిగి వస్తుంది.

"ఒరే, ఇదేటిరా? రేపు సింవాచలం ఎల్దామన్నావు. నానెక్కడ కూకోవాలి?"

"నీకు ఆటో మాట్టాడతానమ్మా."

అమ్మ భద్రత గురించి ఇంత ఆలోచించే కొడుకులు ఎంతమందికి ఉంటారు?

తర్వాత వెనక మడ్‌గార్డు. అది మన మీద బురద పడకుండా కాపాడేది కాదు, వెనక వచ్చే స్కూటర్ ఆయన తెల్లచొక్కా కోసం పెట్టింది. ఆయన ఎవరో మనకి తెలీదు. కాబట్టి పోయింది. ఇండికేటర్లు మనం ఎటు తిరుగుతామో పక్కవాళ్లకి చెబుతాయి. మన సొంత విషయాలు ఎన్.ఏ.డి. జంక్షన్లో ఊరందరికీ చెప్పాల్సిన పనేముంది? గోరంత ఇండికేటర్లు వచ్చాయి. అద్దాలు కూడా అంతే, వాటిలో కనిపించేది ఎప్పుడూ ఇంకొకరే. నంబరు ప్లేటు సంగతి చెప్పనక్కర్లేదు. అది పూర్తిగా పోలీసువారి సౌకర్యం కోసం ఉన్న వస్తువు, అందుకని సీటు కిందకి ఆకాశం చూసేలా మడిచి బిగిస్తారు. ఉపగ్రహాలకి ఇబ్బంది లేదు.

ఇక సైలెన్సర్. ఈ శాస్త్రానికి గర్భగుడి ఇదే.

175 సీసీ దాటిన మోటార్‌సైకిల్‌కైనా తయారీ దశలో శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద తీవ్రత పదింతలవుతుంది. ఈ లెక్క మనవాడు పదో తరగతిలో తప్పి ఉండొచ్చు గానీ ప్రయోగంలో మాత్రం నూటికి నూరు. కొత్త సైలెన్సర్ చివర శబ్దం తగ్గించే డీబీ కిల్లర్ అనే చిన్న గొట్టం వస్తుంది, ఒక్క స్క్రూతో ఊడుతుంది. దాని స్థానం సైలెన్సర్లో కాదు, ప్యాంటు జేబులో. ముందు చెకింగ్ ఉందని ఎదురొచ్చే దయగల వాహనదారుడు లైటు కొట్టినప్పుడు బయటికి వస్తుంది.

పాత కంపెనీ సైలెన్సర్ ఏమవుతుంది? 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే పొగ నిబంధనలు వచ్చాక బండి పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సార్, పొగలోని విషవాయువులని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటున్నాయి. ఆ కన్వర్టర్ లోపలి పూతలో ప్లాటినం, పల్లేడియం, రోడియం లాంటి లోహాలు ఉంటాయి. దాన్ని మనవాడు పాత ఇనుప సామాన్ల బండికి కిలో లెక్కన వేసి, వచ్చిన డబ్బుతో జగదాంబ జంక్షన్లో టీ తాగుతాడు. ప్లాటినం ఇచ్చి టీ తాగే స్థోమత మహారాజా వారికైనా ఉండేదో లేదో.

ప్రయోగాల వేదిక బీచ్ రోడ్డు. అక్కడ కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధం చూసి, 2001లో సెలవు తీసుకుంది. ఇసుకలోకి లాక్కొచ్చి 2002లో మ్యూజియం చేశారు. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో దాని ప్రాణం ఒకే ఒక్క విషయం మీద ఆధారపడింది: ఎవరికీ వినపడకపోవడం. పదవీ విరమణ తర్వాత దానికి దొరికిన ఇరుగుపొరుగు ఇది. మనవాడు సరిగ్గా దాని ముందుకొచ్చి, నడుస్తున్న ఇంజన్ మీద, దాన్ని ఆపే కిల్ స్విచ్ నొక్కి వదులుతాడు. కాలని పెట్రోలు వేడి గొట్టంలోకి వెళ్లి తుపాకీ పేలినట్టు పేలుతుంది. దడుసుకున్న వాకర్లు మనసులో ఏమనుకుంటారో ఇక్కడ అచ్చు వేయలేం.

చట్టం ఈ కళని బాగానే గుర్తించింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. రంగు కూడా ఆర్‌సీలో ఉంటుందని చాలామంది నల్ల డబ్బా ఖాళీ అయ్యాకే చదువుతారు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. గంపగుత్తగా కాకుండా మార్పు మార్పుకీ విడిగా విలువ కట్టడం చూడండి, మన సాహిత్య పురస్కారాల్లోనూ ఇంత నిశిత పరిశీలన లేదు. పట్టుబడిన సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పరిచి రోడ్డు రోలర్ కింద తొక్కించే ప్రదర్శన మన ఊళ్లోనూ జరిగింది. కళాఖండాలకి ఇంత జనం మరెక్కడా రారు.

వీళ్లని నిజంగా ఓడించగలిగింది పోలీసులు కాదు, సముద్రం. గ్రైండర్ కోసిన చోట రంగు లేని ఇనుము బయటపడుతుంది, దాని మీద ఉప్పుగాలి పనిచేస్తుంది. తేమ బాగా ఉన్న రోజున మేడ మీద ట్యాంకుకి స్ప్రే కొడితే నల్లరంగు తెల్లగా పొంగుతుంది, పై నుంచి ఆరేసిన దుప్పటి నూలుపోగు అంటుకుంటుంది. దాన్ని పాతకాలపు లుక్ అంటారు. తుప్పుకీ అదే పేరు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో సిగరెట్ పెట్టె వెండికాగితం చుట్టారనుకోండి, ఇక ఫ్యూజు ఎప్పటికీ పోదు, వైరింగ్ పోతుంది.

ఇప్పుడు నా ప్రతిపాదన. పదిహేనేళ్లకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఎలాగూ వస్తుంది, బండి అమ్మబోతే కొనేవాడు ముందడిగేది కూడా "అన్నా, కంపెనీ పార్టులున్నాయా?" అనే. కాబట్టి గాజువాక నుంచి భీమిలి దాకా ప్రతి కాలనీలో ఒక సహకార సంఘం పెట్టాలి. ఒక కంపెనీ సైలెన్సర్, ఒక చీర గార్డు, ఒక జత అద్దాలు, పాత సీటు ఒకటి వాచ్‌మన్ గదిలో ఉంచాలి. ఆర్టీవో ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఉదయం ఇవ్వాలి, సాయంత్రం ఆరింటికి తిరిగి తీసుకోవాలి. డిపాజిట్ తప్పనిసరి. ఆధార్ జిరాక్స్ కూడా. ఆలస్యమైతే జరిమానా, అద్దం ఒక్కింటికి విడిగా. అమ్మని సింహాచలం తీసుకెళ్లేవాళ్లకి చీర గార్డు ఉచితం, కాకపోతే ముందురోజు చెప్పాలి.