పాసు పుస్తకం గారికి ఒక నామినీ రాయునది

మహారాజశ్రీ పట్టాదారు పాసు పుస్తకం గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, నేను ఇక్కడ క్షేమం. మీరు కూడా బీరువాలో, ప్లాస్టిక్ కవర్ కప్పుకొని, నా చీరల మీద క్షేమంగా పడుకున్నారని తెలుసు. తాళంచెవి నా కొంగుకే ఉంది మరి.

మీలో మా ఆయన ఫొటో ఉంది. చందూరులో దిగింది. ఆ రోజు ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది నేను, అది మీలోకి ఎక్కలేదు. నాలుగెకరాల పన్నెండు గుంటలని రాసుకున్నారు. ఏ మూలన నీళ్లు నిలుస్తాయో, ఏ గట్టు కింద గరిక మొండికేస్తుందో రాసుకోలేదు. అవి నన్నడగండి.

పోయిన చలికాలం పత్తి ట్రాక్టరు వెంట నేనే పోయాను. ఏరింది నేను, పత్తికాయ పెంకులు గుచ్చుకొని పగిలిన వేళ్లు నావి. కొనుగోలు కేంద్రంలో సారు మిషన్ పెట్టి తేమ చూశాడు. 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే కొననే కొనరు. మాది తొమ్మిది.

"రైతేడమ్మా?" అన్నాడు.

"నేనే సారూ."

"పుస్తకంల మగాయన ఉన్నడు గద?"

రైతు అప్పుడు రోడ్డవతల హోటల్లో చాయ్ తాగుతున్నాడు. పోయి పిలుచుకొచ్చాను. ఎన్ని బస్తాలని సారు అడిగితే, నా వైపు తిరిగి కనుక్కొని మరీ చెప్పాడు.

2018లో తెలంగాణ సర్కారు రైతుబంధు అని పెట్టుబడికి ఎకరాకు, పంటకు 4 వేలు వేసింది. ఇప్పుడు రైతు భరోసా, 6 వేలు. భూముల రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చింది. ఇన్ని మారినా టింగుమనేది ఆయన ఫోనే.

ఉన్నమాట చెప్పాలి, ఒక కాయితంలో నా పేరుంది. రైతు బీమా. నామినీని నేనే! ఆయన పోతే నాకు 5 లక్షలు. నేను పోతే ఏమీ రాదు, నేను రైతును కాను కదా. పట్టా చూసి కరవాలని మా చేన్లో తిరిగే కట్లపాముకు ఎవరైనా చెబితే బాగుండు.

సేద్యం చేసే మా ఆడవాళ్లనూ రైతులనాలని వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ గారు 2012లో రాజ్యసభలో బిల్లు పెట్టారు. 2013లో ఆయన పదవీకాలంతోపాటే అదీ పోయింది. మీరేం టెన్షన్ పడకండి.

పుట్టింటి పుస్తకంలోనైనా ఉండాల్సిందాన్ని. 1986లోనే ఎన్టీఆర్ ప్రభుత్వం, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో అన్నదమ్ములతో సమానంగా వాటా ఇచ్చింది. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. నా పెళ్లి 1998లో. లెక్కకు రెండెకరాలు నావే. మా అన్న ఒడిబియ్యం పోస్తానని పిలిచాడు. బియ్యం పోశాడు, చీర పెట్టాడు, మర్నాడు ఆఫీసుకు తీసుకెళ్లి నాకేమీ వద్దని సంతకం పెట్టించుకున్నాడు. వాటా అడిగిన ఆడబిడ్డకు పుట్టిల్లుండదని వదిన ముందురోజు రాత్రే అన్నం వడ్డిస్తూ చెప్పింది. ఆ చీర మీ కిందే ఉంది, చూడండి, ఆకుపచ్చది. రెండెకరాల చీర. ఒక్కసారే కట్టాను.

మొన్న బీరువాలో ఎలుక చప్పుడైతే మా ఆయన గుండె గుభేలుమంది, మిమ్మల్ని కొరికిందేమోనని. నాలుగు డాంబరు గోళీలు తెచ్చి మీ పక్కన వేశాను. వాసన ఘాటుగా ఉంటే చెప్పండి, రెండు తీసేస్తాను.

ఇట్లు,
నామినీ